తొమ్మిది మడుల గడ్డి: వానాకాలంలో మందను మేపిన నా అనుభవం

మాది సూర్యాపేట జిల్లాలో కాలువ నీళ్లు అందని మెట్ట ఊరు. మా ఇంట్లో అరవై తల్లి గొర్రెలు, రెండు పొట్టేళ్లు, ఇంటి పాలకు రెండు బర్రెలు ఉన్నాయి. గొర్రెలన్నీ నెల్లూరు జాతివే. వాటిలో ముఖం మీద నల్ల మచ్చలున్న జోడిపి ఎక్కువ, తెల్లటి పల్ల కొన్ని. ఎండాకాలంలో మేత కోసం పడే తిప్పలు కంటికి కనిపిస్తాయి గనుక వాటి గురించి అందరూ మాట్లాడతారు. వానాకాలంలో ఎటు చూసినా పచ్చగా ఉంటుంది గనుక మేత గురించి ఆలోచించవలసిన పనేముందని అనుకుంటారు. ఏడాది పొడవునా మందను నిలబెట్టేదీ, పడగొట్టేదీ ఆ నాలుగు నెలల పచ్చగడ్డిని మనం వాడుకునే పద్ధతేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2024 వానాకాలంలో మృగశిర నుంచి స్వాతి దాకా మా గడ్డిని ఎలా చూసుకున్నామో, మందను ఎప్పుడు ఎక్కడ మేపామో, ఎందుకు అలా చేశామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా మా ఊరి పరిస్థితి చెప్పాలి. ఎండాకాలంలో మందకు ఊరంతా బీడే. పంట లేని ప్రతి చెలకలోనూ గొర్రెలు తిరగవచ్చు. మొదటి వాన పడగానే పత్తి గింజలు పెడతారు, ఆ వెనకే చెరువు కింద నాట్లు మొదలవుతాయి. అంటే గడ్డి మొలిచే రోజుల్లోనే గొర్రెకు కాలు పెట్టే చోటు తగ్గిపోతుంది. మిగిలేవి గుట్ట, గైరాన్ అని పిలిచే ఊరి ఉమ్మడి మేత భూమి, చెరువు శిఖం (నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చెరువు లోపలి భూమి), బాటల పక్కన గట్లు మాత్రమే. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలున్నాయి, దేశంలో ఇదే మొదటి స్థానం. 2017లో మొదలైన పంపిణీ పథకం కింద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున వచ్చిన తరువాత మా చుట్టుపక్కల మందలు పెరిగాయి, మేపే భూమి మాత్రం పెరగలేదు. పెరిగిన మందలన్నీ ఆ గైరాన్ మీదే పడితే అక్కడ గరిక కూడా తేరుకోదు. అందుకే మా తొమ్మిది ఎకరాల ఎర్ర చెలకలో ఆముదం, పత్తి మానేసి 2021లో అంజన్ గడ్డి, స్టైలో హమాటా అనే పప్పు జాతి మేత మొక్క కలిపి చల్లాము. స్టైలో గింజ పెంకు గట్టిది; మరిగి కాస్త చల్లారిన నీళ్లలో నాలుగైదు నిమిషాలు ముంచి తీసి, ఆరబెట్టి చల్లితేనే మొలక బాగా వచ్చింది. అంజన్ గింజ దూదిలాగా తేలికైనది గనుక తడి ఇసుకలో కలిపి చల్లి, పైన ముళ్లకంప లాగించాము. చుట్టూ గిరిపుష్పం కొమ్మలు నాటి కంచె చేశాము. ఆ కొమ్మలు ఇప్పుడు మేతకు కూడా పనికివస్తున్నాయి.

ఈ తొమ్మిది ఎకరాలను ఎకరం చొప్పున తొమ్మిది మడులుగా విడదీశాము. లోపల శాశ్వతమైన కంచె వేయలేదు. రాత్రిళ్లు రైతుల చేలలో మంద పెట్టడానికి వాడే నైలాన్ వల, గుంజలు మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటినే మడి చుట్టూ తిప్పుతాము. ఏడు మడులు ఎర్ర నేల. వాగు వైపున్న రెండు నల్లరేగడి, వాటిని వాగొడ్డు మడులంటాము. కొట్టం పక్కన మొరం తేలిన ఎత్తు జాగా అర ఎకరం ఉంటుంది. దాన్ని లెక్కలో కలపలేదు. అది ముసురు పట్టిన రోజుల కోసం ఉంచినది.

మృగశిర కార్తెలో వాన పడి, వారం తిరిగేసరికి నేలంతా పచ్చటి పొర పరుచుకుంటుంది. ఆ సమయంలో మందను ఆపడమే అన్నింటికన్నా కష్టమైన పని. ఎండాకాలమంతా ఎండు ఆకులు, కంది పొట్టు తిన్న గొర్రె పచ్చని వాసనకు అరుస్తుంది, వల దాటాలని చూస్తుంది. పక్క మందలన్నీ అప్పటికే గైరాన్‌లో తిరుగుతుంటాయి. కానీ అప్పుడు పైకి వచ్చిన ఆకు, వేరులో దాచుకున్న బలంతో వచ్చినది. దాన్ని కొరికేస్తే వేరు మళ్లీ తన దాపరికం నుంచే తీసి ఇంకో ఆకు వేయాలి. అలా రెండు మూడు సార్లు జరిగితే ఆ దుబ్బు చనిపోతుంది, దాని చోట వయ్యారిభామ మొలుస్తుంది. మా మామ నలభై ఏళ్లకు పైగా మంద వెనక నడిచిన మనిషి. ఆయన ఈ మాటను తన లెక్కలో చెబుతాడు: "బెత్తెడు మోడు అసలు బిడ్డా, దాని మీదిది మిత్తి (వడ్డీ). మిత్తి తినాలె గని అసలు ముట్టొద్దు." ఆ కొలతే మాకు మొత్తం వానాకాలానికి ఆధారమైంది. మడిలో గడ్డి జానెడు దాటి మూరకు తక్కువగా ఉన్నప్పుడు మందను లోపలికి తోలడం, బెత్తెడు ఎత్తు మిగలగానే బయటికి తీయడం.

అందువల్ల మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఎక్కువ రోజులు మంద మడుల్లోకి పోలేదు. ఉదయం కంది పొట్టు, వేరుశనగ కట్టె పెట్టి, పగలు గుట్ట మీద తిప్పి, సాయంత్రం సుబాబుల్, గిరిపుష్పం, దిరిసెన మండలు కొట్టి వేశాము. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది గనుక అది మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా చూశాము. ఈ ఆలస్యం కోసం ముందు ఏడాది ఎండుమేత కొంత మిగుల్చుకోవడం తప్పనిసరి. ఏప్రిల్‌లోనే వాము ఖాళీ అయ్యే ఇంట్లో ఈ పద్ధతి సాగదు.

ఆగడానికి రెండో కారణం ఆరోగ్యం. లేత పచ్చికను ఒక్కసారిగా కడుపునిండా తింటే చిటుక రోగం వస్తుంది. పేగుల్లో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులు ఆ మేతతో విపరీతంగా పెరిగి విషం పుట్టిస్తాయి. సాయంత్రం చక్కగా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. మందలో బాగా బలిసినది, బాగా తినేది దీనికి ముందు బలవుతుంది. మేలో టీకా వేయించాము, అయినా మేత మార్పును నెమ్మదిగానే చేశాము. మొదట రోజుకు గంట, తరువాత రెండు గంటలు, పది పన్నెండు రోజుల మీద పూర్తి మేపుకు వచ్చాము. పచ్చికలోకి తోలే ముందు ప్రతి ఉదయం కొంత ఎండుమేత పెట్టడం మాత్రం కాలమంతా మానలేదు.

పచ్చగడ్డి ఎంత ఉందన్నది కంటితో తేల్చడం మాకు చాలదనిపించింది. పశువైద్య కేంద్రంలో అడిగితే కొలిచే పద్ధతి చెప్పారు. నాలుగు కర్రలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టి, మడిలో నాలుగైదు చోట్ల పడేసి, ఆ చట్రంలో బెత్తెడు పైనున్న గడ్డిని కొడవలితో కోసి తూచాలి. పునర్వసు కార్తెలో వేపమాను మడిలో సగటున ఒక చట్రానికి 900 గ్రాములు వచ్చింది. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు గనుక ఆ మడిలో సుమారు 3,600 కిలోల పచ్చగడ్డి ఉన్నట్టు. అందులో 200 గ్రాములు తీసి, సన్నగా తరిగి, పెనం మీద తక్కువ సెగ పెట్టి, మాడకుండా కలుపుతూ, బరువు ఇక తగ్గదన్నంత వరకు ఆరబెట్టాను. మిగిలింది 36 గ్రాములు. పెనం మీద కుప్పగా పోసిన పచ్చదనం పిడికెడు పొట్టుగా మారడం చూసినప్పుడు వానాకాలపు మేత అసలు సంగతి నాకు స్పష్టంగా బోధపడింది. ఆ గడ్డిలో నూటికి 82 పాళ్లు నీళ్లే.

దీని అర్థం ఏమిటంటే, 32 కిలోల బరువున్న తల్లి గొర్రెకు రోజుకు కిలోకు కొంచెం పైన, సుమారు 1.1 కిలోల ఎండు పదార్థం కావాలి. ఆరుద్ర నాటి మరీ లేత గడ్డిలో 85 శాతం నీరుంటే, ఆ ఎండు పదార్థం దొరకడానికి అది ఏడు కిలోలకు పైగా పచ్చగడ్డి తినాలి. ఆగస్టు చివర గడ్డి కొంత గట్టిపడి నీరు 75 శాతానికి దిగితే నాలుగున్నర కిలోలు చాలు. గొర్రె కడుపుకు ఒక హద్దుంది, దాని పగటి మేపుకూ ఒక హద్దుంది. పైగా వాన పడుతుంటే గొర్రె మేయదు. గాలికి వీపు పెట్టి, తల దించి నిలబడిపోతుంది. ముసురు రెండు రోజులు పట్టిందంటే చుట్టూ పచ్చగడ్డి ఉండి కూడా మంద పస్తుంటుంది. "వానకాలం గొర్రె కడుపు నిండుతది గని బలం రాదు" అని మామ అనే మాటకు కారణం ఇదే. ఈ లెక్క తేలిన తరువాత, ఉదయం పెట్టే ఎండుమేతను గొర్రెకు పావు కిలో చొప్పున ఖాయం చేశాము. పేడ పలచబడి తోక తడవడం దాంతో చాలావరకు తగ్గింది. ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం కలిపిన తొట్టి కొట్టంలో ఎప్పుడూ అందుబాటులో ఉంచాము.

ఇక మడిలో ఎన్ని రోజులుంచాలన్నది. వేపమాను మడిలోని 3,600 కిలోల పచ్చగడ్డి అంటే 650 కిలోల ఎండు పదార్థం. తొక్కినది, పేడ పడినది, రుచించక వదిలినది తీసేస్తే అందులో సగానికి కొంచెం పైన, 360 కిలోల వరకు గొర్రె నోటికి చేరుతుంది. మందకు రోజుకు 70 కిలోల దాకా కావాలి గనుక ఐదు రోజులకు సరిపోతుంది. కానీ మేము నాలుగు రోజులకే మార్చాము. దానికి కారణం గడ్డి కాదు, పురుగు.

వెచ్చని తడిలో గొర్రె పేడలో పడిన పొట్ట పురుగుల గుడ్లు వారం లోపలే పొదిగి, పిల్ల పురుగులు తడిసిన గడ్డి పోచ మీదికి ఎక్కుతాయి. ఐదారు రోజులకు మించి మంద అదే చోట ఉంటే తన పేడలోని పురుగునే తాను మళ్లీ మింగుతుంది. నాలుగు రోజులకే జాగా మారిస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. మేసి వదిలిన మడికి, మిగతా ఎనిమిది మడులు చుట్టి మంద తిరిగి వచ్చేసరికి ముప్పై రెండు రోజులవుతాయి. మన వేడికి, తేమకు ఆ పిల్ల పురుగులు తమలోని శక్తి అంతా ఖర్చు చేసుకుని అప్పటికి చాలావరకు చనిపోతాయి. అవి ఎక్కువగా పోచ అడుగు భాగంలోనే ఉంటాయి గనుక బెత్తెడు మోడు వదలడం కూడా ఇక్కడ కలిసివచ్చింది. పొద్దున మంచు, తడి ఆరక ముందు మడిలోకి తోలకపోవడానికి కూడా కారణం ఇదే. ముసురు లేని రోజుల్లో దాదాపు పది గంటలకు వల తీసేవాళ్లము. పురుగు వల్ల గొర్రెకు రక్తం తగ్గిందేమో తెలుసుకోవడానికి దాని కంటి కింది రెప్పను వేలితో లాగి లోపలి రంగు చూడటం నా పని. ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే సరే. తెల్లబడినా, దవడ కింద నీరు దిగినా ఆ గొర్రెను విడదీసి, పేడ పరీక్ష చేయించి, దానికే మందు తాగించాము. మంద మొత్తానికి మాటిమాటికీ మందు పోస్తే పురుగు ఆ మందుకు అలవాటు పడుతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

చెరువు శిఖం దగ్గర గడ్డి ఎంత నవనవలాడినా అటు తోలలేదు. నీటి అంచున ఉండే నత్తల ద్వారా కార్జపు జలగలు గడ్డి మీదికి చేరతాయి, అవి తిన్న గొర్రె శీతాకాలంలో చిక్కిపోతుంది. పత్తి చేల గట్ల మీది గడ్డి కూడా కోసుకురాలేదు. పత్తికి పురుగుల మందు, గట్టుకు కలుపు మందు ఎప్పుడు కొట్టారో మనకు తెలియదు. యూరియా చల్లిన మడిలో నిలిచిన నీళ్లు తాగి గొర్రెలు చనిపోయిన ఇళ్లు మా పక్క ఊళ్లోనే ఉన్నాయి గనుక, మంద దారిలో పోయేటప్పుడు దప్పిక లేకుండా ముందే కొట్టంలో నీళ్లు పెట్టి బయలుదేరేవాళ్లము. జొన్న గురించి ఒక్క మాట. పుష్యమి కార్తెలో వాన కొన్నాళ్లు మొహం చాటేసినప్పుడు, మేత కోసం వేసిన ఎకరం జొన్న వాడిపోయి ఎదగక నిలిచింది. మళ్లీ వాన పడగానే వచ్చే ఆ లేత పిలకలే అన్నింటికన్నా ప్రమాదం. ఆ లేత జొన్నలో ఉండే విషాన్నే నాము అంటాము; అది తగిలితే గంటలోపే పశువు పోతుంది. పూత వచ్చే వరకు బర్రెలను గానీ గొర్రెలను గానీ అటువైపు పోనివ్వలేదు.

వాన ఎక్కువైన రోజుల్లో గడ్డిని నాశనం చేసేది గొర్రె నోటికన్నా దాని గిట్టే. నేల నాని ఉన్నప్పుడు అరవై గొర్రెలు ఒక్క పూట తిరిగితే దుబ్బు మట్టిలోకి దిగబడుతుంది, మట్టి అణిగి నీళ్లు ఇంకడం మానేస్తుంది, ఆ చోట తిరిగి గడ్డి రావడానికి నెలలు పడుతుంది. మా పరీక్ష చాలా సులువైనది. మడిలోకి పోయి మడమతో గట్టిగా నొక్కాలి. గుంట పడి అందులో నీళ్లు ఊరితే ఆ రోజు మంద ఆ మడిలోకి పోదు. ఎర్ర నేలలు వాన ఆగిన పూటకే తేరుకునేవి. వాగొడ్డు మడులకు మూడు రోజులైనా పట్టేది. అందువల్ల వాగొడ్డు మడులను వరుస ప్రకారం కాకుండా, వాన తెరిపి ఇచ్చినప్పుడు ముందుగా మేపి, ముసురు పట్టే సూచన రాగానే ఎర్ర నేల మడులకు మారేవాళ్లము. వరుసకన్నా నేల చెప్పిన మాటే వినాలి. నాని ఉన్న రోజుల్లో మంద మొత్తం కొట్టం పక్కన మొరం జాగాలో ఉండేది. అక్కడికే కోసిన మండలు, ఎండుమేత వచ్చేవి. ఆ అర ఎకరంలో గడ్డి మిగలదని మాకు తెలుసు, తొమ్మిది ఎకరాలు బతకడానికి దాన్ని ఇచ్చేశాము. కొట్టం గుమ్మంలో జింకు సల్ఫేటు పది శాతం కలిపిన నీళ్ల తొట్టి పెట్టి గొర్రెలను దాని గుండా నడిపించడంతో గిట్టల మధ్య పుండ్లు ఒకటి రెండింటికే ఆగిపోయాయి.

ఆశ్లేష, మఖ కార్తెల్లో పరిస్థితి పూర్తిగా తిరగబడింది. గడ్డి మంద తినేదానికన్నా వేగంగా పెరగడం మొదలైంది. నాలుగో మడిలో మంద ఉండగానే ఎనిమిదో మడి మూర దాటి, అంజన్ కంకి వేసింది. కంకి ముదిరిన గడ్డిలో పీచు పెరిగి మాంసకృత్తులు పడిపోతాయి, గొర్రె పై ఆకులు ఏరుకుని కాడలు వదిలేస్తుంది. ఇలాంటప్పుడు చాలామంది మందను ఇంకా విశాలంగా వదిలేస్తారు. అప్పుడు అన్ని మడులూ సగం సగం తిని, సగం ముదిరి, దేనికీ పనికిరాకుండా పోతాయి. మేము మందను ఆరు మడులకే పరిమితం చేసి, మూడు మడులను మేపు నుంచి తప్పించాము. ఆరు మడులకే నాలుగేసి రోజులైతే ఇరవై రోజులకే మంద తిరిగి వస్తుంది, పురుగుకు అది చాలా తక్కువ గడువు. అందుకే మధ్యలో పగళ్లు గుట్ట మీద మేపి, తిరిగే గడువును నెలకు దగ్గరగా ఉంచాము.

తప్పించిన మడుల్లో ఒకదాన్ని ఆగస్టు మూడో వారంలో కోశాము. వానాకాలంలో గడ్డి ఎండబెట్టడం నమ్మకం లేని పని. ఎండ కాసిన రెండు రోజుల్లో కోసి, పొద్దున పరిచినది మధ్యాహ్నం తిరగవేసి, సాయంత్రానికి మంచు తగలకుండా గిరిపుష్పం కంచె మీద, గుంజలకు కట్టిన తాళ్ల మీద వేలాడదీశాము. నేల మీద ఉంచితే కింది పొర బూజు పడుతుంది. పైన వేలాడితే ఒక జల్లు పడినా కారిపోయి గాలికి ఆరుతుంది. తేమ పదిహేను శాతం లోపుకు దిగితేనే వాము వేయాలి. కట్టను మెలితిప్పితే కాడ పుటుక్కున విరగాలి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. అలా వంగే గడ్డిని వాము వేస్తే లోపల వేడెక్కి నల్లబడుతుంది.

ఆరబెట్టలేని మేతను పాతర వేశాము, అంటే గాలి తగలకుండా బిగించి పులియబెట్టాము. అప్పటికి జొన్న పూత దాటి గింజ పాలు గట్టిపడుతోంది, నాము భయం పోయింది. దాన్ని కోసి, ఒక పూట వాడనిచ్చి, యంత్రంతో అంగుళం ముక్కలుగా కత్తిరించి, మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో పొరపొరగా వేస్తూ కాళ్లతో తొక్కి, గాలి లేకుండా మూతి బిగించి కట్టాము. పాతర మేతలో ప్రాణం ఆ తొక్కుడులోనే ఉంది. గాలి మిగిలిన సంచి కుళ్లిపోతుంది. నేపియర్ గడ్డి కూడా కొంత వేశాము గానీ అందులో నీరెక్కువ, తీపి తక్కువ గనుక ఒక రోజంతా వాడబెట్టి, నూటికి రెండు కిలోల బెల్లం కరిగించి చల్లవలసి వచ్చింది. నలభై ఐదు రోజుల తరువాత విప్పితే పులిసిన మజ్జిగ వాసన, ఆలివ్ పండు రంగు ఉండాలి. మా జొన్న సంచులు అలాగే వచ్చాయి.

ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో పడిన వాన గురించి ఖమ్మం, మహబూబాబాద్, సూర్యాపేట జిల్లాల వాళ్లకు నేను చెప్పనవసరం లేదు. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయిన వాన అది. మా వాగు పొంగి వాగొడ్డు మడులు రెండూ మునిగాయి. మంద కొట్టంలోనే ఉంది, ఎత్తు జాగా గనుక గొర్రెలకు ఏమీ కాలేదు. ఆ నాలుగైదు రోజులు మందను బతికించింది ఎండుమేత, గిరిపుష్పం మండలు, కట్టి పెట్టిన పాత కంది పొట్టు. జొన్న పాతర ఇంకా పులవలేదు గనుక దాన్ని ముట్టలేదు.

నీళ్లు తీసిన తరువాత వాగొడ్డు మడుల్లో గడ్డి పచ్చగానే నిలబడి ఉంది. దగ్గరికి పోయి ఒక పోచను వేళ్ల మధ్య లాగి చూస్తే వేళ్లకు సన్నటి ఒండ్రు అంటింది, గరుకుగా పళ్ల కింద ఇసుక తగిలినట్టు. అటువంటి మేత తింటే పారుడు పట్టుకుంటుంది, మట్టి కడుపులో పేరుకుంటుంది. వరద తెచ్చిన మట్టితో దొమ్మ రోగం (ఆంత్రాక్స్) భయం కూడా ఉంటుంది. ఆ రెండు మడులను నడుము విరిగేలా కోసి, ఆ కోతను మేతకు వాడకుండా గట్టు మీద ఎరువు గుంతలో వేశాము. తరువాతి వానకు కడిగిన దుబ్బుల నుంచి వచ్చిన కొత్త ఆకును అక్టోబరులో గానీ మేపలేదు. స్టైలో మాత్రం నిలువ నీటికి ఓర్వదు. వాగుకు దగ్గరి మడిలో సగానికి పైగా చనిపోయింది. అంజన్ కూడా పలుచబడింది. ఊద గడ్డి, తుంగ పైకి వచ్చాయి. ఊదను గొర్రె తింటుంది, తుంగను వాసన చూసి వదిలేస్తుంది.

ఊళ్లో ఆ పది రోజుల్లో బర్రెలున్న ఇళ్లు ఎక్కువ ఇబ్బంది పడ్డాయి. వరి గడ్డి వాములు తడిశాయి. పైపొర తీసి లోపలిది బాగుందనుకుని వేసేవాళ్లకు నేను చెప్పిన మాట ఒక్కటే: చేతిలోకి తీసుకుని దులిపితే తెల్లటి దుమ్ము లేచినా, ముక్కిన వాసన వచ్చినా పశువుకు వేయకండి. బూజు పట్టిన వరి గడ్డి తిన్న బర్రెలకు చెవుల కొనలు, తోక చివర, గిట్టలు నల్లబడి కుళ్లడం మన దగ్గర కొత్త కాదు. మా రెండు బర్రెలకు ఆ రోజుల్లో నేపియర్, ఎండిన అంజన్ కలిపి కత్తిరించి వేశాము. పాలు తగ్గాయి, కానీ ఆగలేదు.

ఉత్తర కార్తె నుంచి గడ్డి పెరుగుదల మందగించింది. అక్కడి నుంచి మా లెక్క తదుపరి ఎండాకాలం వైపు తిరిగింది. ఒక మడిలో ఆ రోజు మేపితే వచ్చే లాభం, దాన్ని మూసి ఉంచితే మార్చిలో వచ్చే లాభం పక్కపక్కన పెట్టి చూసుకున్నాము. మునగని మూసిన మడులు రెండింటిని చిత్త కార్తె దాకా ముట్టలేదు. స్టైలో పూతకు వచ్చి, ఆకాశం తేటబడిన తరువాత కోసి ఎండబెట్టాము. ఈసారి మంచు ఒక్కటే అడ్డం, వాన భయం లేదు. పప్పు జాతి మొక్క గనుక స్టైలో కలిసిన ఎండుగడ్డిలో మాంసకృత్తులు ఉంటాయి, ఒట్టి అంజన్ ఎండుగడ్డి కన్నా గొర్రె దాన్ని ఇష్టంగా తింటుంది. ఆకులు రాలిపోకుండా పొద్దున మంచు తడి కాస్త ఉండగానే కట్టలు కట్టాము. కంకి నుంచి రాలిన గింజ మడిలోనే ఉండేలా, కోతకు ముందు వారం పాటు ముదరనిచ్చాము.

వానాకాలంలో మేత బాగున్న మందలోనే గొర్రెలు సకాలంలో ఎదకు వస్తాయి. మా గొర్రెలు ఎక్కువ భాగం జులై నెలలో కట్టాయి. ఐదు నెలల చూలు గనుక డిసెంబరులో ఈతలు. చివరి రెండు నెలల్లోనే కడుపులో పిల్ల బరువు ఎక్కువగా పెరుగుతుంది, ఆ సమయానికి బయట పచ్చిక ముదిరిపోయి ఉంటుంది. అందుకని విప్పిన జొన్న పాతర మొదట చూలు గొర్రెలకే పెట్టాము, వాటిని మేపడానికి వాగొడ్డు కొత్త ఆకును కాకుండా ఎర్ర నేల మడులనే ఎంచుకున్నాము. తల్లి పొదుగులో పాలు నిండుగా దిగాయి. పుట్టిన పిల్లలు గంట లోపలే లేచి రొమ్ము పట్టాయి. ఆ కాలంలో కొట్టంలో చనిపోయిన పిల్లలు గత ఏళ్ల కన్నా తక్కువ.

ఈ పద్ధతికి డబ్బు కన్నా మనుషుల ఓపిక ఎక్కువ కావాలి. నాలుగు రోజులకొకసారి వల మార్చడం, ప్రతి పొద్దున మడమతో నేల చూడటం, కనురెప్ప చూడటం, కార్తె కార్తెకు చట్రం వేసి తూచడం ఒక్కరి వల్ల కాదు. మా ఇంట్లో వల మామ, నా భర్త చూశారు. కొలతలు, మందులు, రాతలెక్క నాది. పదెకరాలు లేని ఇంటికి కూడా ఇందులో కొంత పనికివస్తుంది. మా వాడలో రెండెకరాల బీడున్న ఒక కుటుంబం దాన్ని నాలుగు ముక్కలు చేసి, గైరాన్‌లో మేపుతూనే ఈ ముక్కలను ఈనిన తల్లులకూ పిల్లలకూ మాత్రమే వాడుకుంది. గైరాన్‌కు కూడా మృగశిర నుంచి నెల రోజులు మందలు పోకుండా ఊరంతా కలిసి ఒప్పుకుంటే అక్కడి గడ్డి రెండింతలవుతుందని మామ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాడు. ఈసారి గొర్రెల సంఘంలో ఆ మాట ఎత్తాము, గుట్ట వైపు సగం భాగానికి ఒప్పుకున్నారు.

వాగు పక్క మడిలో మాత్రం వచ్చే వానకు స్టైలో వేయము. అక్కడ నీరు నిలిచినా తట్టుకునే పారా గడ్డి కణుపులు నాటి, దాన్ని మేపకుండా కోసి బర్రెలకు వేయాలని నిర్ణయించాము. చనిపోయిన స్టైలోకు బదులు ఎర్ర నేల మడుల్లో పలుచబడిన చోట్ల చల్లడానికి, చిత్తలో దులిపిన గింజను శుభ్రం చేసి సంచికి ఎత్తాము.